రెండు ముళ్ల సీసా

సీసాలు కడగడం నా ఉద్యోగం. ఇరవై ఏళ్లకు పైగా కడిగాను. అదీ ఒక ఉద్యోగమేనా అని నవ్వుకునేవాళ్లు ముందే నవ్వేయండి. నవ్వడం అయిపోయాక వినండి, ఎందుకంటే నేను చెప్పబోయేది సీసాల సంగతి ఒక్కటే కాదు, కంప్యూటరు సంగతి కూడా. కరెంటు పోయినా తనలో దాచినవి చెదిరిపోకుండా అది ఎట్లా చూసుకుంటుందో, ఎంతవరకు చూసుకోగలదో చదువురాని నేను ఒక తప్పు చేసి తెలుసుకున్నాను. కొత్తగా ఆఫీసుల్లో చేరుతున్న పిల్లలు ఆ తప్పు మళ్లీ చేయకూడదని చెప్తున్నాను.

మా ఆయన నీళ్ల డిపార్టుమెంటులో జీపు నడిపేవాడు. ఎనభైల చివర్లో ఒక ఎండాకాలం జ్వరమొచ్చి, దవాఖానలో చేర్చిన నాలుగో రోజుకే పోయాడు. ఆయన బదులు నాకు నల్లగొండలో నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో అటెండరు పని ఇచ్చారు. మాది చౌటుప్పల్ వైపు మగ్గాల ఇల్లు. రంగులద్దే నూలుకు ముడులు వేయడం తప్ప నాకు వేరే పని రాదు. అంకెలు చదవగలను. అక్షరాలంటే ఒక్కోదాన్నీ కూడబలుక్కోవాలి. ఒక ఊరి పేరు చదివేసరికి పక్కవాళ్లు టీ తాగి వచ్చేవాళ్లు.

మా జిల్లా నీళ్ల గురించి తెలియనివాళ్లకు ఒక్క మాట. చూస్తే తేటగా ఉంటాయి, తాగితే రుచిగానే ఉంటాయి. లోపల ఫ్లోరైడ్ ఉంటుంది. ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి. ఏళ్లు గడిస్తే మోకాళ్లు వంగుతాయి, మెడ తిరగదు. పక్కపక్క బోరింగుల్లోనే ఒకదానిలో ఉంటుంది, ఒకదానిలో ఉండదు. ఏది మంచిదో కంటికి తెలియదు కాబట్టి ఊరూరి నీళ్లూ సీసాల్లో మా దగ్గరికి వచ్చేవి. మా కెమిస్టు మేడం ఆ నీళ్లలో ఎర్రమందు కలిపేది. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ ఎరుపు అంత వెలిసిపోతుంది. వెలిసినదాన్ని మిషన్లో పెట్టి అంకె తీసేది. అంకె ఒకటిన్నర దాటితే ఆ బోరింగుకు ఎర్రరంగు వేయిస్తారు, తాగొద్దని. దాటకపోతే పచ్చరంగు.

సీసాలు ఎప్పుడూ తక్కువే. కడిగిన సీసా ఎండగానే మళ్లీ జీపెక్కేది. అందుకని ఏ సీసా ఎప్పుడు కడగాలన్నది పెద్ద సంగతి. కడిగేస్తే అందులోని నీళ్లు పోతాయి, ఇంక ఏ పరీక్షా లేదు. చీటీలు చదవలేను కాబట్టి నేను ముడులతో గుర్తు పెట్టుకున్నాను. సీసా మెడకు చీటీని నూలుతో కట్టి పంపేవాళ్లు. దానికి ఒక్క ముడి ఉంటే నీళ్లొచ్చాయని అర్థం. మేడం పరీక్ష చేసి చీటీ మీద అంకె రాయగానే నేను రెండో ముడి వేసేదాన్ని. ఆ చీటీ చూసి మా సాబ్ కంప్యూటరులో ఎక్కించి "అయ్యింది" అనేవాడు. అప్పుడు రెండు ముళ్లూ విప్పి, చీటీ పారేసి, సీసా కడిగేదాన్ని. "అయ్యింది" అనే మాట వినకుండా ముడి విప్పకూడదు. ఈ నియమం నాకెవరూ చెప్పలేదు, నేనే పెట్టుకున్నాను.

సాబ్ అంటే మా కంప్యూటరు ఆయన. సొంతూరు కొత్తకోట దగ్గర. మహబూబ్‌నగర్ నుంచి బదిలీ మీద వచ్చాడు. ఏళ్ల తరబడి టైపు మిషను కొట్టిన వేళ్లు కావడంతో కంప్యూటరు మీద కూడా దబదబా బాదేవాడు. మేడం గుంటూరు వైపు మనిషి. "ఏవండీ సాబ్ గారూ, దానికి నొప్పి పుడుతుందండీ" అనేది. "దీనికి నొప్పి వుట్టది మేడం, బాదకుంటే నాకు తనఖ్వా వుట్టది, నెల జీతం" అనేవాడు ఆయన. ఇద్దరికీ రోజూ ఏదో ఒక తగాదా ఉండేది, రోజూ ఒకే డబ్బాలోంచి తినేవాళ్లు.

మొదటి కంప్యూటరు నల్ల తెర మీద పచ్చ అక్షరాలది. ఒకసారి సాబ్ ఏదో సర్దుతుండగా కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక మిషను లేచింది గానీ మనిషి ఉలిక్కిపడి లేచినట్టు లేచింది. సాబ్ దానికేదో పరీక్ష పెట్టాడు. అది గంటకు పైగా గిర్రుగిర్రుమంది. చివరికి తెర మీద పేర్లు లేకుండా వరసగా అంకెలే వచ్చాయి.

"ఏంది సాబ్ అవి?" అన్నాను.

"జాతరల తప్పిపోయిన పోరలక్కా. ఎవల పిల్లలో తెల్వదు. అన్నిటిని ఒక్కకాడ గూసవెట్టింది మిషన్" అన్నాడు. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ రోజు మమ్మల్ని కాపాడింది మేడం నోట్‌బుక్కు. ఆమె ప్రతి అంకెనూ చీటీ మీద రాసేముందు నీలం అట్ట పుస్తకంలో రాసుకునేది. మూడు రోజులు ఆమె చదువుతుంటే సాబ్ మళ్లీ బాదాడు.

తొంభైలు అయిపోవస్తుండగా కొత్త కంప్యూటరు వచ్చింది. వచ్చిన వారానికే కరెంటు పోయింది. కింద బ్యాటరీ పెట్టె ఒకటి ఉండేది. కరెంటు పోతే మిషనును కాసేపు నిలబెట్టడం దాని పని. మా పెట్టెలో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. అది కుయ్యిమని ఒక్క అరుపు అరిచి మిషనుతో పాటే పడుకునేది. కరెంటు వచ్చాక నేను చీపురు పక్కన పెట్టి చూస్తూ నిలబడ్డాను, ఈసారి ఎన్ని ముక్కలు తేలతాయో అని. ఒక్క నిమిషంలో మిషను లేచి కూర్చుంది. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఇయ్యాల పోరలను ఏరవా సాబ్?"

"ఏరుడు లేదిగ. ఇది కొత్త తరీఖ, పని చేసే తీరే వేరే."

"ఏం తరీఖ?"

ఇంకొకరైతే నీకెందుకనేవాళ్లు. సాబ్ లేచి నన్ను సీసాల అలమారా దగ్గరికి తీసుకెళ్లాడు.

"సూడక్కా. గీ పై అరల సీస కింది అరల వెట్టాలె. పై అర చీటిల దాని పేరు కొట్టెయ్యాలె, కింది అర చీటిల రాయాలె, సీస మార్చాలె. మూడు పనులు. పై చీటిల కొట్టేసినంక నువ్వు గుండాగి పడిపోయినవనుకో."

"నేనెందుకు పడిపోత? నువ్వు వడు."

"సరే, నేనే వడ్డ. అప్పుడు సీస ఏ లెక్కల ఉన్నట్టు?"

ఆలోచించాను. "పై చీటిల లేదు, కింది చీటిల లేదు. ఏ లెక్కల లేదు."

"శభాష్. మొన్నటి పోరలు గవే. ఏది చేస్తుండగ పడ్డదో పాత మిషన్‌కు యాది ఉండది. గందుకే లేచినంక ప్రతి అర, ప్రతి చీటి మొదటి నుంచి చూసుకునేది. గంట పట్టేది. ఈ కొత్తది ముందుగాల ఒక చిట్టాల రాసుకుంటది. ఫలానా సీస పై నుంచి కిందికి మార్చవోతున్న అని. రాసినంకనే చెయ్యి వెడుతది. మూడు పనులు అయినంక చిట్టాల గీత కొడుతది. దాన్ని ఇంగ్లీషుల జర్నల్ అంటరు. కరెంటు వోయి లేచినంక అలమార మొత్తం చూడది. చిట్టాల గీత కొట్టనియి ఉన్నయా, గంతే చూస్తది."

నాకు ఆ రోజు చీపురు మళ్లీ పట్టబుద్ధి కాలేదు. ఒకటి వెనుక ఒకటి అడుగుతూనే పోయాను.

"చిట్టాల రాస్తుంటెనే కరెంటు వోతే?"

"రాత సగమే ఉంటే దాన్ని లెక్కల వట్టది. అలమారకు ఇంక చెయ్యి వెట్టనే లేదు గద. సీస పాత జాగల పైలంగ ఉంటది."

"రాసినంక, మార్చుకుంట ఉంటే వోతే?"

"చిట్టాల మొత్తం ఉంది గద. మళ్ల మొదటికెళ్లి చేస్తది."

"మొత్తం మార్చినంక, గీత కొట్టకముందు వోతే?"

"అప్పుడూ మళ్ల చేస్తది."

"చేసిందే చేస్తే కరాబ్ గాదా?"

సాబ్ నా మొహం వైపు చూశాడు. "కింద ఉన్న సీసను కింద వెట్టు అంటే నువ్వేం జేస్తవ్?"

"ఆడనే ఉంది గదా, అని ఊకుంట."

"గదే. ఎన్నిసార్లు చేసినా ఒక్కటే తీరు వచ్చేటట్టు రాసుకుంటది చిట్టా."

చెప్పొద్దూ, నాకు చాలా సంతోషమైంది. ఇంగ్లీషు మిషను, లోపల ఏముందో దేవుడికెరుక అనుకున్నాను. లోపల ఉన్నది నా ముడులే. పని మొదలుపెట్టకముందు గుర్తు, అయ్యాక ఇంకో గుర్తు, అప్పటిదాకా ఏదీ పారేయకపోవడం. మరొకటి కూడా అడిగాను. "మరి సీసల నీళ్లో? నువ్వు కొట్టే అంకెలు గూడ చిట్టాల రాస్తదా?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "అన్ని రాస్తే ప్రతిదీ రెండుసార్లు రాసినట్టయితది, మిషన్ నెమ్మదైతది. అరల లెక్కనే రాస్తదని బుక్కుల ఉంది. ఏ అర ఏడుంది, ఎంతుంది, గంతే. లోపలి నీళ్లతోని దానికి సంబంధం లేదు."

ఈ మాట నేను విన్నాను. ఆయన చెప్పాడు. ఇద్దరమూ దాన్ని అక్కడే వదిలేశాం. ఒక నిమిషంలో లేచి కూర్చున్న మిషనును చూశాక అటువంటి మాట ఎవరికి గుర్తుంటుంది?

మేడం కూడా చూసింది. "ఇంకెందుకండీ ఈ పుస్తకం? చీటీ మీదా రాసి, పుస్తకంలోనూ రాసి, మళ్లీ మిషన్లోనూ. నా చెయ్యి పడిపోతోంది" అని నీలం అట్ట నోట్‌బుక్కును అలమారా అడుగున పెట్టేసింది. ఆమెను తప్పుపట్టను. నేను చేసింది ఇంకా అన్యాయం. సాబ్ ట్రే నిండా చీటీలన్నీ ఎక్కించి చివర్లో ఒక్కసారే "అయ్యింది" అనేవాడు. బయట జీపు సీసాల కోసం ఆగి ఉండేది. నేను ఆ మాట కోసం ఆగడం మానేశాను. ఆయన వేలు ఒక చీటీ దాటగానే ఆ సీసా తెచ్చి ముడి విప్పేదాన్ని. ఎన్నో నెలలు అట్లాగే గడిచాయి. ఏమీ కాలేదు. తప్పు చేసినా ఏమీ కాని రోజులు మనిషిని పాడుచేసినంతగా మరేదీ పాడుచేయదు.

ఆ ఏడు ఎండాకాలం సీసాలు నింపుకు రమ్మని నన్ను కూడా జీపులో పంపారు. చౌటుప్పల్ అవతల రోడ్డు దిగి లోపలికి వెళ్తే ముప్పై ఇళ్ల పల్లె ఒకటి ఉంది. అక్కడ రెండు బోరింగులు. ఒకటి ఇళ్ల నడుమ, ఒకటి బడి దగ్గర. రెండోది కొత్తగా వేసింది, కేక వేస్తే వినబడే దూరమే. ఇళ్ల నడుమ బోరింగు కొడుతున్న ఒకామె నా చేతిలో సీసాలు చూసి బిందె దించింది. నా ఈడు మనిషి. ఆమె పక్కన ఆరేళ్ల ఆడపిల్ల. ఆమె ఆ పిల్ల గడ్డం పట్టుకుని నోరు తెరిపించి నాకు చూపింది. ముందు పళ్ల మీద చారలు మొదలయ్యాయి.

"పెద్దదానికి మోకాళ్లు వంకరవోయినయి. దీనికింక కాళ్లు సక్కగనే ఉన్నయి" అంది. "గీ రెండిట్ల ఏది తాగాల్నో చెప్పు సీసలక్కా. అందరం దగ్గరిదని గిదే తాగుతున్నం."

"ఎనిమిది దినాలల్ల రంగేస్తరు. పచ్చది తాగున్రి" అన్నాను.

"పక్కానా?"

"పక్కా."

చాలా ధీమాగా చెప్పాను. మిషను మీద ధీమా అది.

రంగుల జీపు బయలుదేరాల్సిన రోజు పొద్దుటి నుంచే ల్యాబులో హడావిడి. ఎర్ర డబ్బాలు, పచ్చ డబ్బాలు ఎక్కించుకుని పెయింటర్లు వాకిట్లో బీడీలు కాలుస్తున్నారు. లిస్టు చేతికొస్తే కదులుతారు. ఆ లిస్టులో చెడ్డ బోరింగుల పేర్లే ఉంటాయి. పేరున్నదానికి ఎరుపు. పేరు లేకపోతే మంచిదనే లెక్క, పచ్చ. ఆఖరి ట్రేలో ఆఖరి రెండు సీసాలు ఆ పల్లెవే. సాబ్ మొదటి చీటీ కొట్టాడు. అది ఇళ్ల నడుమ బోరింగుది. నేను ఆ సీసా తీసుకుని ముళ్లు విప్పి, చీటీని నీళ్ల తొట్టి పక్కన పడేశాను. జారి తొట్టిలోనే పడింది. చూడలేదు. సీసా మూడుసార్లు కడిగాను. లోపల సాబ్ రెండోది కొట్టి, దాచే మీట నొక్కి "అయ్..." అన్నాడు. బ్యాటరీ పెట్టె కుయ్యిమంది. ఫ్యాను ఆగింది.

అరగంటకు కరెంటు వచ్చింది. మిషను నిమిషంలో లేచింది. "చూసిర్రా మేడం, షేర్ లెక్క, సింహం లెక్క లేచింది" అన్నాడు సాబ్. ఫైలు పేరు ఉంది, దాని సైజు సరిగ్గా ఉంది. ప్రింటు తీశాడు. పెయింటరు లిస్టు కోసం చెయ్యి చాచాడు.

అప్పుడు నా కళ్లు ట్రే మీదికి పోయాయి. అందులో ఒక సీసా మిగిలి ఉంది, రెండు ముళ్లతో. రెండు ముళ్లంటే సాబ్ నోట ఇంకా ఆ మాట రాలేదని. నా పాత నియమం నాకే గుర్తొచ్చింది.

"సాబ్, గిది ఎక్కిందా?"

"ఎక్కింది తియ్యక్కా, సేవ్ గొట్టిన."

"నువ్వు 'అయ్యింది' అనలే. జర చూడు."

విసుక్కుంటూ ఫైలు తెరిచాడు. కిందికి జరిపాడు. జరుపుతూ జరుపుతూ ఆయన వేలు ఆగింది. ఆఖరి రెండు వరసలకూ జాగా ఉంది. ఆ జాగాలో ఏమీ లేదు. తెల్లగా ఉంది.

ఆయనకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. నాకు ఇంకాస్త పట్టింది. అలమారా లెక్క తప్పలేదు, అరా చెదరలేదు. చిట్టా తన పని తాను చేసింది. ఇంకా రెండు వరసలు పట్టేంత పెద్ద అర కావాలని రాసుకుంది, లేచాక అంత అర పెట్టింది. అందులో పోయాల్సిన నీళ్లు మాత్రం దారిలోనే ఉండిపోయాయి. దానికి సంబంధం లేదని ఆయనే చెప్పిన నీళ్లు.

"ఫికర్ లేదు, రెండు చీటీలు ఇయ్యక్కా, మళ్ల కొడుత" అన్నాడు.

నేను ఒక్క సీసా ముందుకు జరిపాను.

"రెండోది?"

తొట్టిలో చెయ్యి పెట్టాను. చీటీ దొరికింది. దాని మీద రాత దొరకలేదు. నీలం సిరా మొత్తం నీళ్లలో కలిసిపోయి, కాగితం తెల్లగా మెత్తగా అరచేతికి అంటుకుంది.

మేడం లేచి వచ్చింది. "ఏమైంది?"

నేనే చెప్పాను. సాబ్ ఏదో సర్దబోయాడు గానీ నేను ఆగలేదు. "సాబ్ అయ్యిందనకముందే కడిగిన మేడం. సీస కడిగిన, చీటి తడిపిన. ఇండ్ల నడిమి బోరింగు అంకె ఏడ లేదు. మీకు యాదికున్నదా?"

"పొద్దుట్నుంచీ ముప్పై చేశాను. ఎలా గుర్తుంటుంది?" ఆమె కళ్లు అలమారా అడుగుకు పోయి వచ్చాయి. నీలం పుస్తకంలో ఆరు నెలలుగా ఏమీ లేదు.

బయట పెయింటరు "లేటైతాంది మేడం" అన్నాడు. మేడం మిగిలిన చీటీ చూసింది. బడి దగ్గరి బోరింగు అంకె ఒకటిన్నర లోపే ఉంది, మంచిది.

"రెండూ పక్కపక్కనే కదా. అదే అంకె వేసేద్దాం. వచ్చే పరీక్షలో చూసుకోవచ్చు" అంది. గట్టిగా కూడా అనలేదు, తనలో తాను అనుకున్నట్టు అంది.

అదే అంకె వేస్తే రెండూ పచ్చే. పల్లె మొత్తం దగ్గరిదే తాగుతుంది. నా కళ్ల ముందు ఆ ఆరేళ్ల పిల్ల తెరిచిన నోరు కదిలింది.

"వద్దు మేడం" అన్నాను. "మా దిక్కు ఒక్క చెల్కల రెండు బోర్లేస్తే రెండు తీర్ల నీళ్లు వడుతయి."

"ఏమ్మా, నాకు కెమిస్ట్రీ చెప్తున్నావా?"

"కెమిస్ట్రీ నాకు తెల్వది. ఆమె పక్కానా అని అడిగింది, నేను పక్కా అన్న. గంతే తెలుసు."

మేడం తిడుతుందనుకున్నాను. ఆమె లిస్టు తీసుకుని దాని అడుగున పెన్నుతో ఆ పల్లె పేరు రాసి, పక్కన ఒక అడ్డగీత గీసింది. "ఈ ఊళ్లో దేనికీ రంగు వెయ్యకండి" అని పెయింటరుకు ఇచ్చింది. నా వైపు తిరిగి, "జీపెక్కు. కడిగినదానివి నువ్వే, నింపుకు రా" అంది. నేను మెట్లు దిగుతుండగా వెనక నుంచి, "నా తప్పు లేదనట్లేదు. పుస్తకం తీస్తున్నాను" అనడం వినిపించింది.

పల్లెలో ఆమె అదే బోరింగు దగ్గర ఉంది. జీపులో రంగు డబ్బాలు చూసి మొహం వెలిగింది. నేను ఖాళీ సీసాతో దిగేసరికి ఆ వెలుగు పోయింది.

"మళ్ల సీసనే తెచ్చినవా? రంగేది?"

"మొన్నటి నీళ్లు నేనే పారవోసిన. అంకె మిషన్ల నిలవకముందే కడిగిన."

ఆమె చీర కొంగు నడుముకు దోపుకుంది. "ఎనిమిది దినాలాయె. పారవొయ్యనీకె తీస్కపోయినవా నా నీళ్లు? సర్కారు కొలువు, సక్కగ సీస కడుగుడు గూడ రాకపాయె నీకు."

"కడుగుడు మంచిగొస్తది. ఆగుడు రాలే."

ఆమెకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "మరి అందాక ఏది తాగాలె?"

"బడికాడిది మంచిదని తేలింది. రెండు దినాలు దూరమైనా అదే తాగున్రి. గిది ముట్టకున్రి."

"గిది గూడ మంచిదే అయితే? ఉత్తగ మోసినట్టు గాదా?"

"ఉత్తగ మోసినట్టే. తిట్టు, పడుత."

ఆమె బిందెలోని నీళ్లు గట్టు మీద కుమ్మరించింది. "మా ఇంటిదాక మొయ్యి మరి ఒక్క బిందె" అంది. మోశాను. జీపు డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు.

తెచ్చిన సీసాను మేడం మొదట పెట్టుకుంది. ఎర్రమందు కలిపింది. నేను పక్కనే నిలబడ్డాను. మామూలుగా నిలబడను, ఆ రోజు ఎవరూ పొమ్మనలేదు. గాజు గొట్టంలో ఎరుపు నా కళ్ల ముందే వెలిసిపోయింది. ఉతికిన బట్టలా అయింది. నాకు అంకె అక్కర్లేకపోయింది. మేడం అంకె తీసి మొదట నీలం పుస్తకంలో రాసింది, తర్వాత చీటీ మీద రాసింది. నేను రెండో ముడి వేశాను. సాబ్ మిషన్లో ఎక్కించి, దాచి, మిషనును ఆపి, మళ్లీ లేపి, ఫైలు తెరిచి అంకెను కళ్లతో చూసుకుని అప్పుడు "అయ్యింది" అన్నాడు.

నేను ముడి విప్పలేదు. సీసాను సంచిలో పెట్టుకున్నాను.

"ఇంకేంది అక్కా? అయ్యిందన్న గద."

"నీది అయ్యింది సాబ్. ఇంకా ఆడ, పల్లెల కాలే."

అప్పటి నుంచి నాకు ఒక సంగతి తెలిసింది, మీకూ చెప్తాను. పని ఎక్కడ ముగుస్తుందో కనుక్కోండి. ముగిసేచోట అది కనబడేదాకా దాని మొదటి గుర్తును పారేయకండి. మిషను అబద్ధం చెప్పలేదు. తాను ఎంతవరకు కాపాడుతుందో సాబ్ బుక్కులో ముందే ఉంది. తనవరకు వచ్చింది తాను నిలబెట్టుకుంది. మిగతాది కూడా అదే నిలబెడుతుందనుకున్నది మేము.

మర్నాడు పెయింటర్లతో వెళ్లాను. ఇళ్ల నడుమ బోరింగుకు ఎర్రరంగు పడుతుంటే ఆడవాళ్లు చుట్టూ మూగారు. దగ్గరిది పోయిందని ఒకరిద్దరు నన్ను చూసి గొణిగారు. ఆమె బిందెతో నిలబడి ఆ ఎరుపునే చూస్తోంది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని ఉంది.

"గీసారి పక్కానా? మళ్ల కడిగినవేమో" అంది.

సంచిలోంచి సీసా తీసి చూపాను. సగం నీళ్లు, మెడకు చీటీ, రెండు ముళ్లు. ఆమె ముడిని వేలితో తడిమి చూసింది.

"ఎప్పుడు విప్పుతవిది?"

"నీ బిందె అటు మళ్లినంక."

ఆమె నా మొహం వైపు ఒకసారి, ఎర్రబోరింగు వైపు ఒకసారి చూసింది. బిందె చంకనెత్తుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని బడి దారి పట్టింది. మిగతావాళ్లు ఒక్కొక్కరుగా వెనక కదిలారు. ఆఖరి మనిషి మలుపు తిరిగేదాకా చూసి, ముడి విప్పాను.